గుప్పెడు సున్నిపిండి

పేరు చెబితే ఆ వంశంవాళ్ళు ఇప్పటికీ నొచ్చుకుంటారు కనుక చెప్పను గానీ, ఒకానొక రాజ్యంలో వరుసగా మూడేళ్ళు వానలు పడలేదు. మొదటి ఏడు జనం దేవుణ్ణి తిట్టారు. రెండో ఏడు ఒకరినొకరు తిట్టుకున్నారు. మూడో ఏడు తిట్టడానికి కూడా ఎవరికీ ఓపిక లేకపోయింది.

ఆ రాజ్యాన్ని ఏలే మదనభూపాలుడికి మాత్రం కరువు సంగతి పట్టలేదు. ఆయనకు పట్టేవన్నీ అద్దంలో కనిపించేవే. పొద్దున లేవగానే ముఖానికి మీగడ రాయించుకునేవాడు. మధ్యాహ్నం ఒంటికి శనగపిండీ పెరుగూ. జుట్టుకు రాత్రంతా నానిన మెంతులు రుబ్బి పట్టించేవారు. ఇక శనివారం వచ్చిందంటే నువ్వుల నూనెతో తలంటు, సున్నిపిండితో నలుగు, కుంకుడు రసం, గంగాళాల కొద్దీ వేణ్ణీళ్ళు. అది పూటంతా సాగే వైభవం.

నిజానికి ఇవన్నీ ఏ ఇంటి వంటింట్లోనైనా ఉండే సరుకులే. మంచి కాలంలో రాజు ఏం పూసుకున్నా అడిగేవాడు లేడు. ఇప్పుడు వంటిళ్ళే ఖాళీ అయ్యాయి. అందుకని రాజు 'స్నానకానుక' అని ఒక ఆజ్ఞ జారీ చేశాడు. పక్షానికొకసారి ఇంటికి మానెడు పెసలు, మానెడు శనగలు కోటకు చేర్చాలి. పాడి ఉన్నవాళ్ళు మొదటి మీగడ పంపాలి. ఆ గింజలన్నీ స్నానశాల వెనుక ఒక కొట్లో పోసి తాళం వేసేవారు. ఊరంతటి పొయ్యి మీదికి వెళ్ళవలసింది ఒక్క మనిషి ఒంటి మీదికి వెళ్ళేది. నాకు తలచుకుంటేనే ఒళ్ళు మండుతుంది, ఆ కాలంలో ఉన్నవాళ్ళు ఎలా భరించారో తెలియదు.

ఆ స్నానశాలలో నాంచారమ్మ అని ఒక ముసలమ్మ ఉండేది. రాజుకు తలంటి పోసేది ఆమే. రాజు పురిటిబిడ్డగా ఉన్నప్పుడు కాళ్ళ మీద బోర్లా వేసుకుని నీళ్ళు పోసిందీ ఆమే. పెసలూ శనగపప్పూ, కాసిని బియ్యం, పసుపు కొమ్ములు, వాసనకు కచ్చూరాలు కలిపి తిరగలిలో విసిరి సున్నిపిండి చేసేది. ఒకనాడు సాయంత్రం ఇంటికి వెళ్తుంటే కోట వాకిట్లో భటులు ఆమె కొంగు ముడి విప్పించారు. అందులో గుప్పెడు సున్నిపిండి ఉంది.

మర్నాడు సభలో నిలబెట్టారు.

"ఎందుకు తీశావు నాంచారమ్మా?" అన్నాడు రాజు.

"మనవరాలికి బాబూ. మూడేళ్ళ పిల్ల. తల్లి పోయినేడే పోయింది. పదకొండు రోజులుగా ఆకులు ఉడకేసి పెడుతున్నాను, అవీ దిగడం లేదు. ఈ పిండి కడిగి, జావ కాచి పోస్తే రెండు గుక్కలు తాగుతోంది."

రాజు ముఖం చిట్లించబోయి, ముడతలు పడతాయని గుర్తొచ్చి మానుకున్నాడు. "సున్నిపిండి జావా! వైద్యులవారూ, విన్నారా?"

రాజవైద్యుడు లేచి ఉత్తరీయం సర్దుకున్నాడు. "విన్నాను ప్రభూ, చెవులు కడుక్కోవాలి. అది తమ దివ్యదేహానికి పూసే లేపనం. మనిషి సరే, పశువు కూడా మూతి పెట్టదు."

కొలువులో తిప్పన్న అని ఒక విదూషకుడున్నాడు. రాజును నవ్వించడం ఆయన పని. బయట జనం చస్తుంటే లోపల నవ్వించడం ఎంత నరకమో ఆయనకే తెలుసు. ఆయన ముందుకు వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, మీ తాతగారు వేయించిన శాసనం సభ గుమ్మంలోనే ఉంది. కరువు ఏట ఆకలికి గుప్పెడు తిండి తీసినవాడు దొంగ కాడు అని."

"తిండి అని ఉంది తిప్పన్నా! ఇది తిండి కాదు," అన్నాడు రాజు. "ఎంత ఆకలేసినా మనిషన్నవాడు సున్నిపిండి తినడు. తిన్నాడంటే వాడికి పిచ్చి ఉండాలి. ఈ ముసలిది అమ్ముకోవడానికే తీసింది. నా ఒంటి సొత్తు దొంగిలించిన చేయి ఉండకూడదు. కుడిచేయి మణికట్టు దాకా తీసేయండి."

భటులు ఆమె భుజం పట్టుకున్నారు. అప్పుడు రాజు మళ్ళీ చెయ్యెత్తాడు. అందరూ మనసు మారిందనుకున్నారు.

"ఇవాళ వద్దు. శనివారం, తలంటు అయ్యాక తీయండి. అంత మెత్తటి చేయి మళ్ళీ దొరకదు," అని నిట్టూర్చాడు. ఆయన నిజంగానే బాధపడ్డాడు, అదీ విశేషం.

అది బుధవారం. తిప్పన్న సభ నుంచి తిన్నగా స్నానశాల వెనక్కి వెళ్ళాడు, ఆ కొట్టుకు ఎన్ని తాళాలున్నాయో చూద్దామని. అక్కడ గోడకు ఒక తూము ఉంది. రాజు స్నానం చేసిన నీళ్ళు అందులోంచే బయటికి వస్తాయి. తూము కింద ఏడెనిమిది మంది ఆడవాళ్ళు పాతచీర ముక్కలు పరిచి కూర్చున్నారు. నీళ్ళు తెల్లగా, పిండి పిండిగా వచ్చి పడుతుంటే గుడ్డల్లో వడకట్టి, అడుగున మిగిలినది గోకి ముంతల్లో వేసుకుంటున్నారు.

తిప్పన్న అలాగే నిలబడిపోయాడు. ఒకామె తలెత్తి చూసి, ఆయన కూడా అందుకే వచ్చాడనుకుని కాస్త పక్కకు జరిగింది.

"ఇటు కూచోండయ్యా. ఇక్కడైతే కాస్త చిక్కగా వస్తది," అంది.

ఇరవై ఏళ్ళుగా సభలో మాటకు మాట విసిరిన మనిషి ఆమెకు చేతులు జోడించి వెనుదిరిగాడు. అక్కడి నుంచి నాంచారమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. పిల్లను పొరుగింటావిడ చూస్తోంది. ఒళ్ళో వేసుకుంటే బరువే తెలియడం లేదని చెప్పింది. తిప్పన్న తన ఇంట్లో ఉన్న గంజి గిన్నెడు పంపించాడు. పంపుతూనే ఆలోచించాడు. రాజుకు నీతి చెప్పి లాభం లేదు, శాసనం చూపించీ లాభం లేదు. ఆయనకు అర్థమయ్యేది ఆయన ముఖం ఒక్కటే. వెళ్ళదలచుకుంటే ఆ దారినే వెళ్ళాలి.

మర్నాడు పొద్దున్నే రాజు దగ్గరికి వెళ్ళి ఎదురుగా నిలబడి, ఏమీ మాట్లాడకుండా ఆయన ముఖంలోకి చూసి తల పంకించాడు.

"ఏమిటలా చూస్తావు?" అన్నాడు రాజు.

"ఏం లేదు ప్రభూ."

"ఏం లేకపోతే తల ఎందుకు పంకించావు?"

"నా కళ్ళదే దోషమై ఉంటుంది. పోయినేడు ఉన్న కళ కనిపించకపోతేనూ."

రాజు గభాలున అద్దం అందుకున్నాడు. ఎంతసేపు తిప్పి చూసుకున్నా తృప్తి కలగలేదు. తగ్గిందని ఎవరైనా అన్నాక తగ్గనట్టు కనిపించే ముఖం ఏదీ ఉండదు.

"వైద్యుణ్ణి పిలవండి!"

"ఆయన అరవై నాలుగు దినుసులు చెబుతాడు ప్రభూ. మా అమ్మ మూడు పూతలతో సరిపెట్టేది. అన్నీ వంటింటి సరుకులే. ఒకటి మీగడా నిమ్మరసం. రెండోది శనగపిండి, పెరుగు. మూడోది పెసరపిండి, మీగడ, తేనె, మగ్గిన అరటిపండు. పెళ్ళికూతుళ్ళకు వేసేది. పందిట్లోకి వస్తే దీపాలు వెలవెలబోయేవి."

"ఇవన్నీ నేను రోజూ పూసుకునేవేగా!"

"పూస్తున్నారు, ఆరనివ్వడం లేదు. పూత పూర్తిగా ఆరేదాకా పెదవి కదలకూడదు. మాట్లాడితే బీట వేస్తుంది, బీట వేసిన చోటల్లా ముడత పడుతుంది. పైగా కడుపు ఖాళీగా ఉంటే గానీ నిగారింపు చర్మం మీదికి రాదు. శుక్రవారం మధ్యాహ్నం భోజనం తరువాత ఏమీ పుచ్చుకోకుండా ఉండి, శనివారం పొద్దున మొదలుపెడితే పొద్దు వాలేసరికి మూడు పూతలూ అవుతాయి."

"అంతసేపు తిండి లేకుండానా?"

"పెళ్ళికూతుళ్ళు ఉండేవారు ప్రభూ. పదహారేళ్ళ పిల్లలు."

ఆ మాట రాజుకు తగిలింది. "నేను ఉండలేననుకున్నావా? వస్తుందా ఆ మెరుపు?"

"రాకపోతే నాంచారమ్మ చేతితో పాటు నా తల కూడా తీయించండి. సభవారినందరినీ శనివారం సాయంత్రం రమ్మంటాను. తెర తీయగానే చూస్తారు."

శుక్రవారం మధ్యాహ్నం రాజు రెండు భోజనాల పెట్టు తిన్నాడు. శనివారం పొద్దున స్నానశాలలో పీట మీద కూర్చున్నాడు. నాంచారమ్మను చెరలోంచి తీసుకువచ్చారు. గది బయట కత్తి పట్టుకుని తలారి నిలబడ్డాడు. ఆమె అటు చూడలేదు. అలవాటు ప్రకారం నూనెలో వేలు ముంచి నేల మీద ఏడుగురు చిరంజీవులకు ఏడు బొట్లు పెట్టి, రాజు మాడున నూనె పెట్టి, "నూరేళ్ళు బతుకు బాబూ" అంది. అన్నది వెటకారంగా కాదు. మొదటి నుంచీ అనే మాటే అనేసింది.

జుట్టుకు మెంతుల ముద్ద పట్టించింది. ముఖానికి మొదటి పూత వేసింది. అది ఆరేసరికి ఎండ గుమ్మం దాటింది. రెండో పూత వేసేసరికి రాజుకు ఆకలి మొదలైంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన ఒక్క పూట కూడా పస్తున్నవాడు కాదు. తిప్పన్న భటులకు ముందే చెప్పి పెట్టాడు, ఆరోజు వంటశాల వాసన కూడా అటు రాకూడదని. అరవడానికి వీల్లేదు, ముఖం బీట వేస్తుంది. చెయ్యి ఊపి పిలవడానికి నాంచారమ్మ తప్ప ఎవరూ లేరు.

మూడో పూత వేశాక నాంచారమ్మ చేతులు కడుక్కుని గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె కూడా రెండు రోజులుగా ఏమీ తినలేదు. రాజు పక్కన రెండు గిన్నెలున్నాయి. ఒకటి ఒంటికి రాయడానికి పసుపు, కచ్చూరాలు వేసి కలిపిన సున్నిపిండి. రెండోది ముఖానికి వేయగా మిగిలిన పెసరపిండి, మీగడ, తేనె, అరటిపండు.

పొద్దు వాలింది. తెర అవతల సభవారు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. రాజవైద్యుడు కూడా వచ్చాడు, తిప్పన్న తల తెగడం చూద్దామని. తిప్పన్న వేలు పెదవి మీద పెట్టుకుని అందరినీ నిశ్శబ్దంగా ఉంచాడు. రాజు కనుక ఇంకొక్క గడియ ఓర్చుకుంటే ఒక చేయీ, ఒక తలా పోతాయి.

లోపల గిన్నె పీటకు తగిలిన చప్పుడైంది. వెంటనే నాంచారమ్మ గొంతు వినిపించింది.

"అది కాదు బాబూ, అది చేదు. పసుపు కలిపాను. మూడు నీళ్ళు కడిగి ఉడకేసినా చేదు పోదు, మా పిల్ల ఏడ్చేది. ఇటు పక్క గిన్నెలోది తీసుకోండి, ఇందులో తేనె ఉంది. మెల్లిగా... ఖాళీ కడుపు మీద ఒక్కసారే తింటే నెప్పి చేస్తది."

తిప్పన్న తెర లాగేశాడు.

మదనభూపాలుడు నాలుగు వేళ్ళూ సున్నిపిండి గిన్నెలోనే పెట్టుకుని కూర్చున్నాడు. రెండు బుగ్గలూ నిండి ఉన్నాయి. మూతి చుట్టూ పచ్చటి సున్నిపిండి. ముఖం మీది పూత అడ్డదిడ్డంగా బీటలు వారింది. నాంచారమ్మ ఆయన వీపు నిమురుతోంది, పసిపిల్లవాడికి పొలమారితే నిమిరినట్టు.

"ప్రభువులు ఏం చేస్తున్నారు?" అన్నాడు తిప్పన్న.

రాజు కష్టపడి మింగాడు. "రుచి... పాళ్ళు సరిపోయాయో లేదో చూస్తున్నాను."

"ఒంటికి పూసేదానికి రుచితో పనేమిటి ప్రభూ?"

"ఆకలేసిందయ్యా!" అని అరిచాడు రాజు. "నిన్న మధ్యాహ్నం నుంచీ ముద్ద లేదు. కళ్ళు తిరుగుతున్నాయి. ఏం చేయమంటావు?"

"ఆ పిల్లకు పదకొండు రోజులు ప్రభూ. మీకు ఒక్కటంటే ఒక్క రోజు."

తిప్పన్న సభవారి వైపు తిరిగాడు.

"అయ్యలారా, బుధవారం నాడు ప్రభువులు రెండు మాటలు సెలవిచ్చారు. సున్నిపిండి తిండి కాదన్నారు. తిన్నవాడికి పిచ్చి ఉండాలన్నారు. ఇప్పుడు మనందరి కళ్ళ ముందు తిన్నారు. అది తిండి కాకపోతే మన ప్రభువుకు పిచ్చి పట్టినట్టు. పిచ్చి పట్టినవాడు సింహాసనం మీద కూర్చోకూడదని ధర్మం. అది తిండే అయితే, ఈ ముసలమ్మ కరువు ఏట గుప్పెడు తిండి తీసింది. అంతే. రెండింట్లో ఏది నిజమో వైద్యులవారు చెప్పాలి."

వైద్యుడు ఉత్తరీయం సర్దుకున్నాడు. మళ్ళీ సర్దుకున్నాడు. "ఆలోచిస్తే... పెసలు బలకరం. మీగడ పుష్టికరం. అన్ని విధాలా ఆహారమే," అన్నాడు.

రాజు బయట కత్తితో ఉన్న తలారి వంక ఒకసారి చూశాడు. తిప్పన్న వంక చూశాడు. ఆ క్షణంలో ఏమైనా జరగవచ్చని అందరికీ తెలుసు. తరువాత ఆయన తన చేతికి అంటిన పిండి చూసుకుని, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతుంటే పూత పెళ్ళలు పెళ్ళలుగా ఊడి ఒళ్ళో పడింది. రాజు నవ్వాడు కనుక సభవారూ నవ్వారు. గోడ అవతల తూము దగ్గరున్న ఆడవాళ్ళకు ఆ నవ్వులు వినిపించాయి. వాళ్ళు ఇంకా నీళ్ళు రాలేదేమిటా అని చూస్తున్నారు.

"గెలిచావు తిప్పన్నా! ముసలమ్మను వదిలేయండి. నీకేం కావాలో కోరుకో," అని మెళ్ళో హారం తీయబోయాడు రాజు.

"హారం వద్దు ప్రభూ. వెనక కొట్టు తాళం చెవి ఇప్పించండి. పసుపు కలపని గింజలు కావాలి."

రాజు ఒక్క క్షణం ముఖం తడుముకున్నాడు, అలవాటు కొద్దీ. తరువాత తాళం చెవి ఇచ్చేశాడు. ఆ సాయంత్రమే కొట్టు తెరిచారు. పెసలూ శనగలూ ఇంటింటికీ కొలిచి పోశారు. స్నానకానుక రద్దయింది. నాంచారమ్మ కుడిచేయి ఆమెకే ఉంది.

ఇలాంటి కథలు చెప్పేవాళ్ళు ఇక్కడ ఆపి, రాజు నవ్వాడు, విదూషకుడు గెలిచాడు అని లేచి వెళ్ళిపోతారు. వినేవాళ్ళకూ హాయిగా ఉంటుంది. నాకు అలా ఆపడం చేతకాదు. తిప్పన్న కూడా ఆ తరువాత ఎవరు అడిగినా ఈ సంగతి చెప్పేవాడు కాదట.

మళ్ళీ శనివారం వచ్చింది. రాజు మీగడ లేదు, నలుగు లేదు, తలకు కాస్త కుంకుడు రసం చాలన్నాడు. నాంచారమ్మ ఎప్పటిలాగే వచ్చి, నేల మీద ఏడు బొట్లు పెట్టి, "నూరేళ్ళు బతుకు బాబూ" అని తల రుద్దడం మొదలుపెట్టింది. రాజుకు మనసు తేలికగా ఉంది. జన్మలో మొదటిసారి ఆమెను ఇంటి సంగతి అడిగాడు.

"మనవరాలు జావ తాగుతోందా నాంచారమ్మా?"

"లేదు బాబూ. పోయిన శనివారం పొద్దు వాలేటప్పుడు పోయింది. మీ మూడో పూత ఆరుతా ఉన్నప్పుడంట, పొరుగామె చెప్పింది."

రాజు తల తిప్పబోయాడు. ఆమె చేయి ఆయన తలను అక్కడే మెత్తగా ఆపింది.

"కళ్ళు మూసుకోండి బాబూ, కుంకుడు రసం మండుతుంది," అని చెంబు ఎత్తి నీళ్ళు పోసింది.